విభజించిన తేనెటీగల కాలనీలో కొత్త రాణి ఇంకా గుడ్లు పెట్టలేదు: ఎంతకాలం ఆగవచ్చు?

ప్రశ్న: కొత్తపెట్టె

అందరికీ నమస్కారం. బాగా బలపడి, గుంపు చీలిపోయే సూచనలు కనిపిస్తున్న ఒక ఇటాలియన్ తేనెటీగల కాలనీని నేను రెండుగా విభజించాను. పాత రాణిని దాని పెట్టెలోనే వదిలి, గుడ్లూ లేత పిల్లపురుగులూ ఉన్న ఫ్రేములను (పట్టు కట్టిన చట్రాలను), మూతవేసిన బ్రూడ్ (గదుల్లో ఎదుగుతున్న పిల్లలు) ఉన్న ఒక ఫ్రేమును, తేనె, పుప్పొడి నిల్వ ఉన్న మరొక ఫ్రేమును వాటి మీది ఈగలతో సహా కొత్త పెట్టెలోకి మార్చాను. రాణి లేదని గ్రహించిన ఈగలు కొద్ది రోజుల్లోనే ఫ్రేము నడిమి భాగంలో రాణి గదులు కట్టాయి. తరువాత తెరిచి చూసినప్పుడు వాటిలో ఒకదాని కొన గుండ్రంగా కోసినట్లు తెరుచుకుని, మూత ఒక అంచున పట్టుకుని వేలాడుతూ కనిపించింది. మిగిలిన రాణి గదులకు పక్కలను కొరికిన రంధ్రాలున్నాయి. దీన్నిబట్టి ఒక రాణి పుట్టిందనీ, తక్కిన వాటిని అది గదుల్లోనే చంపిందనీ అర్థం చేసుకున్నాను.

విభజన జరిగి ఇప్పటికి నాలుగు వారాలు దాటింది. పెట్టెలో ఒక్క గుడ్డు కూడా లేదు. నేను మార్చిన బ్రూడ్ అంతా ఈగలై బయటికి వచ్చేసింది, కొత్తది ఏదీ మొదలు కాలేదు. ఫ్రేములన్నిటినీ రెండు వైపులా వెతికినా రాణి కనిపించలేదు. మధ్యలో వారం పైగా ముసురు పట్టి, ఈగలు సరిగా బయటికి తిరగలేదన్న సంగతి కూడా చెప్పాలి. అయితే ఈగలు గోల చేయడం లేదు, పుప్పొడి కూడా తెస్తూనే ఉన్నాయి.

అనుభవం ఉన్న ఒకరు రాణి పోయినట్లేననీ, గుడ్లు పెడుతున్న రాణిని వెంటనే కొని ప్రవేశపెట్టాలనీ అంటున్నారు. మరొకరు పెట్టె జోలికే పోవద్దంటున్నారు. ఎంతకాలం వరకు ఆగడం సబబో, రాణి ఉందో లేదో కంటికి కనిపించకపోయినా తెలుసుకునే మార్గం ఏదైనా ఉందో, ఈలోగా తగ్గిపోతున్న ఈగల సంఖ్యను ఎలా నిలుపుకోవాలో దయచేసి చెప్పగలరు.


సమాధానం: పాతపొగడబ్బా

మీరు చెప్పిన వివరాలను బట్టి చూస్తే కంగారు పడవలసిన దశ ఇంకా రాలేదండీ. చాలామంది విభజన చేసిన రోజును మొదటి రోజుగా పెట్టుకుని లెక్క వేస్తారు, అక్కడే చిక్కు వస్తుంది. లెక్క మొదలుకావలసింది ఈగలు ఎంచుకున్న పిల్లపురుగు వయసు నుంచి, మీకు కచ్చితంగా తెలియనిది కూడా అదే.

రాణి గుడ్డు నుంచి బయటపడడానికి మొత్తం 16 రోజులు పడుతుంది. అందులో 3 రోజులు గుడ్డుగా, ఆపైన 5 రోజులకు పైగా పిల్లపురుగుగా ఉండి, ఆ తరువాత మూతవేసిన గదిలో మిగిలిన ఎదుగుదల పూర్తి చేసుకుంటుంది. రాణిని కోల్పోయిన ఈగలు సాధారణంగా అప్పుడే పొదిగిన, అంటే ఒక రోజు లోపు వయసున్న పిల్లపురుగులను ఎంచుకుంటాయి కాబట్టి, విభజన నాటి నుంచి దాదాపు 12 రోజులకు కన్యరాణి, అంటే ఇంకా సంపర్కం కాని రాణి, బయటికి వస్తుంది. కాస్త పెద్ద పిల్లపురుగును తీసుకుంటే ఒకటి రెండు రోజులు ముందే రావచ్చు. ఫ్రేములో గుడ్లు మాత్రమే ఉండి, అవి పొదిగేదాకా ఆగవలసి వస్తే మరికొన్ని రోజులు వెనక్కి పోతుంది.

కన్యరాణి పుట్టిన మరునాడే సంపర్కానికి బయలుదేరదు. దాని దేహం గట్టిపడి పక్వానికి రావడానికి 5 నుంచి 7 రోజులు పడుతుంది. మొదట పెట్టె ఎదుట కొద్దిసేపు ఎగిరి చోటును గుర్తుపెట్టుకుంటుంది. తరువాత పోతుటీగలు గుమిగూడే చోటికి ఎగిరి వెళ్లి గాలిలోనే వాటితో కలుస్తుంది. ఒక పోతుతో కలిసి తిరిగి వచ్చే పని కాదు ఇది; మామూలుగా పది, పన్నెండు పోతులతో, ఒక్కోసారి అంతకు మించి కలుస్తుంది, అందుకు ఒకటి కంటే ఎక్కువ ప్రయాణాలు కూడా చేయవచ్చు. అక్కడ చేర్చుకున్న వీర్యాన్నే జీవితాంతం పొదుపుగా వాడుకుంటుంది. సంపర్కం ముగిసిన తరువాత కూడా మొదటి గుడ్డుకు మరో 2 నుంచి 4 రోజులు పడుతుంది.

వీటన్నిటినీ కలుపుకుంటే, అన్నీ అనుకూలించిన కాలనీలో సైతం మొదటి గుడ్డు విభజన తరువాత మూడు వారాలు దాటాకే కనిపిస్తుంది. నాలుగు వారాలు సర్వసాధారణం. ఇందులో వాతావరణం చేతిలో ఉన్న భాగం సంపర్క ప్రయాణం ఒక్కటే. ఎండ కాసి, గాలి నెమ్మదించి, దాదాపు 20 డిగ్రీలకు పైగా వెచ్చదనం ఉన్న మధ్యాహ్నాల్లోనే రాణి బయటికి వెళ్తుంది. మీరు చెప్పిన ముసురు సరిగ్గా ఆ రోజుల్లోనే పడి ఉంటే, ఆ వారాన్ని మొత్తంగా మీ లెక్కకు కలపవలసిందే.

ఇంకొక సంగతి చెప్పాలి. శ్రామిక ఈగ గుడ్డు నుంచి ఈగగా మారడానికి 21 రోజులు, పోతుటీగకు 24 రోజులు పడుతుంది. కనుక విభజన నాడు పెట్టెలో ఉన్న ఆఖరి గుడ్డు కూడా మూడున్నర వారాల కల్లా ఈగగా మారి వెళ్లిపోతుంది. కొత్త రాణి గుడ్లు మొదలుపెట్టే సమయం కూడా అదే కావడం వల్ల, ఆ రెండింటి మధ్య పెట్టె పూర్తిగా ఖాళీగా కనిపించే రోజులు దాదాపు ప్రతి విభజనలోనూ వస్తాయి. ఆ ఖాళీని చూసి రాణి లేదని తేల్చడం తొందరపాటు.

అలాగని గడువు లేకపోలేదు. పుట్టిన తరువాత మూడు, నాలుగు వారాల్లోపు సంపర్కం జరగకపోతే రాణి ఇక ఆ పని సరిగా చేయలేదు. స్విట్జర్లాండుకు చెందిన ఫ్రాన్స్వా హ్యూబర్ 1792లో ప్రచురించిన పరిశీలనల్లోనే, సంపర్కం మూడు వారాలు దాటి ఆలస్యమైన రాణులు పోతుటీగల గుడ్లు మాత్రమే పెట్టాయని రాశారు. ఆయనకు చూపు లేదు. సహాయకుడు ఫ్రాన్స్వా బర్నెన్స్ కళ్లతో చూసి చెప్పినదాన్ని ఆయన బుద్ధితో పరీక్షించేవారు. పెట్టె తెరిచినప్పుడల్లా నాకు ఆ జంట గుర్తుకు వస్తుంది, సరే, అది వేరే సంగతి. మీ రాణి పుట్టి ఇప్పటికి రెండున్నర వారాలకు అటూ ఇటూగా అయి ఉంటుంది. ఇంకా వారం, పది రోజులు ఆగడానికి చోటుంది.


సమాధానం: మైనపుగది

పై సమాధానంతో ఏకీభవిస్తాను. అయితే ఊరికే ఆగడం కన్నా, ఆగుతూనే తెలుసుకునే మార్గం ఒకటుంది. రాణి ఉందా లేదా అన్న ప్రశ్నను ఈగలనే అడగవచ్చు. మీ పాత పెట్టెలో రాణి గుడ్లు పెడుతూనే ఉంది కాబట్టి, అందులోంచి గుడ్లూ, అప్పుడే పొదిగిన పిల్లపురుగులూ ఉన్న ఒక ఫ్రేమును తీసి కొత్త పెట్టె నడుమ ఉంచండి. తీసేటప్పుడు పాత రాణి ఆ ఫ్రేము మీద లేదని రెండుసార్లు చూసుకుని, దాని మీది ఈగలన్నిటినీ పాత పెట్టెలోకే మెత్తని కుంచెతో దులిపివేయండి. ఫ్రేము పైకర్ర మీద తేదీ రాసుకోండి.

మూడు, నాలుగు రోజుల తరువాత ఆ ఒక్క ఫ్రేమునే బయటికి తీసి చూడండి. పెట్టెలో రాణి లేకపోతే, ఈగలు కొన్ని పిల్లపురుగుల గదుల అంచులను వెడల్పు చేసి, కిందికి వంచి కడుతూ ఉంటాయి. లోపల పాలలాంటి రాజాహారం (రాణి కాబోయే పిల్లపురుగుకు ఈగలు పెట్టే మేత) మధ్య పిల్లపురుగు తేలుతూ కనిపిస్తుంది. అప్పుడు మీకు జవాబు దొరికినట్లే, పైగా కొత్త రాణి తయారీ కూడా మొదలైపోయినట్లే. అలా కాకుండా ఆ పిల్లపురుగులన్నిటినీ మామూలు శ్రామిక ఈగలుగానే సాకుతూ ఉంటే, సంపర్కం కాకపోయినా సరే, రాణి ఒకటి లోపల తిరుగుతున్నదని భావించవచ్చు.

ఈ ఫ్రేము వల్ల రెండో లాభం కూడా ఉంది. మూతవేయని పిల్లపురుగుల నుంచి వచ్చే వాసనే శ్రామిక ఈగల అండాశయాలను ఎదగకుండా ఆపుతుంది. రాణీ లేక, పిల్లపురుగులూ లేక మూడు, నాలుగు వారాలు గడిస్తే కొన్ని శ్రామిక ఈగలు తామే గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి, ఆ దశకు చేరిన కాలనీని దారికి తేవడం చాలా కష్టం. అందువల్ల రాణి సంగతి తేలేదాకా వారానికి ఒకసారి ఇలాంటి ఫ్రేమును అందిస్తూ ఉండడం మంచిది. ఒక హెచ్చరిక మాత్రం గుర్తుంచుకోవాలి: శ్రామిక ఈగలు అప్పటికే గుడ్లు పెడుతున్న కాలనీ మీరిచ్చిన ఫ్రేము మీద రాణి గదులు కట్టకపోవచ్చు. అటువంటి చోట ఈ పరీక్ష మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. మీ పెట్టెలో ఒక్క గుడ్డు కూడా లేదంటున్నారు కనుక ప్రస్తుతానికి ఆ భయం లేదు.

రాణిని వెతకడం మీద ఎక్కువ సమయం వెచ్చించకండి. కన్యరాణి పొట్ట ఇంకా సాగదు, శ్రామిక ఈగ కన్నా కాస్తే పెద్దదిగా ఉంటుంది, వెలుతురు పడగానే ఫ్రేము అంచు దాటి అవతలి వైపుకు పరుగెత్తుతుంది. అలవాటైన వారికి కూడా అది దొరకడం అరుదు. కనిపించలేదంటే లేదని కాదు. ఈగలు పుప్పొడి తెస్తున్నాయి కనుక రాణి ఉన్నట్లే అని కొందరంటారు. రాణి లేని కాలనీలు కూడా పుప్పొడి తెస్తాయి కాబట్టి నేను దానికి అంతగా విలువ ఇవ్వను. నేను చూసేది వేరు. బ్రూడ్ ఉండవలసిన నడిమి ఫ్రేముల్లో, అరచేతి వెడల్పు మేర గదులు ఖాళీగా ఉండి, అడుగు వరకు తుడిచి మెరుగు పెట్టినట్లు నిగనిగలాడుతూ, వాటి చుట్టూ పుప్పొడీ తేనె వలయంలా పేర్చి ఉన్నాయా అని చూస్తాను. రాణి గుడ్లు పెట్టబోయే చోటును శ్రామిక ఈగలు అలా సిద్ధం చేస్తాయి. అటువంటి మచ్చ కనిపించిన పెట్టెను నేను మూసివేసి పక్కకు వెళ్లిపోతాను. రాణి కోసం చోటు ఉంచకుండా నడిమి గదులను కూడా మకరందంతో నింపేస్తుంటే మాత్రం అనుమానించాలి.

రాణిని కొనడం గురించి: పెట్టెలో కన్యరాణి ఉండగా గుడ్లు పెట్టే రాణిని ప్రవేశపెడితే, కొత్తగా వచ్చినదాన్ని ఈగలైనా చంపుతాయి, కన్యరాణి అయినా చంపుతుంది. పంజరంలో ఉంచి నెమ్మదిగా పరిచయం చేసినా అంతే. పరీక్ష ఫ్రేము మీద రాణి గదులు కనిపించిన తరువాత మాత్రమే ఆ మాట ఆలోచించండి, అప్పుడు కూడా ఆ గదులన్నిటినీ తొలగించాకే రాణిని ఇవ్వాలి.


సమాధానం: పుట్టతేనె

ఓపిక పట్టమని చెప్పడం తేలికే కానీ, ఆ ఓపికకు ఖర్చు ఉంటుందని కూడా చెప్పాలి. నేను మిగిలినవారి కన్నా కాస్త తొందరపడే మనిషిని, కారణం వివరిస్తాను.

కొత్త రాణి రేపే మొదటి గుడ్డు పెట్టిందనుకున్నా, దాని నుంచి మొదటి ఈగ బయటికి రావడానికి 21 రోజులు పడుతుంది. అది కూడా వెంటనే మకరందానికి వెళ్లదు, మరికొన్ని వారాలు పెట్టెలోపలి పనులే చేస్తుంది. విభజన నాటి పిల్లల్లో ఆఖరిది పుట్టిన తరువాత నుంచి ఇప్పటివరకు మీ పెట్టెలోకి ఒక్క కొత్త ఈగ కూడా చేరలేదు, ఇంకా మూడు వారాలకు పైగా చేరదు. పిల్లలను సాకే పని లేని ఈగలు కొంత ఎక్కువ కాలం బతుకుతాయి కాబట్టి ఈ ఖాళీని కాలనీ చాలావరకు తట్టుకుంటుంది. అయినా విభజన చిన్నదైతే, రాణి గుడ్లు మొదలుపెట్టే వేళకు వాటిని వెచ్చగా కప్పి ఉంచడానికి, పిల్లపురుగులకు మేత పెట్టడానికి చాలినన్ని ఈగలు మిగలవు. రాణి మంచిదైనా కాలనీ నిలదొక్కుకోలేదు.

అందుచేత పరీక్ష ఫ్రేముతో పాటు, పాత పెట్టె ఇవ్వగల స్థితిలో ఉంటే, ఈగలు బయటికి రావడానికి సిద్ధంగా ఉన్న మూతవేసిన బ్రూడ్ ఫ్రేమును కూడా ఒకటి ఇవ్వండి. మూతవేసిన పిల్లలకు మేత పెట్టే పని ఉండదు, వెచ్చదనం చాలు. కొన్ని రోజుల్లోనే లేత ఈగలు చేతికి వస్తాయి, రాణి గుడ్లు మొదలుపెట్టినప్పుడు సాకడానికి కావలసింది సరిగ్గా ఆ వయసు ఈగలే. ఈగలు కప్పలేని ఖాళీ ఫ్రేములను తీసివేసి, అడ్డుపలకతో చోటును కుదించండి, లేకపోతే ఆ ఖాళీ పట్టుల్లో మైనపు పురుగు చేరుతుంది. ద్వారాన్ని రెండు, మూడు ఈగలు పట్టేంతకు తగ్గించండి. బలహీనమైన పెట్టెను పక్క కాలనీలు దోచుకోవడం మొదలుపెడితే రాణి విషయం తేలేలోపే కథ ముగుస్తుంది. మేత ఇవ్వవలసి వస్తే సాయంత్రం పూట, పెట్టెలోపలే, ఒలకకుండా, కొద్దికొద్దిగా ఇవ్వండి. ఎక్కువ ఇస్తే రాణికి ఉండవలసిన గదులను కూడా ఈగలు పాకంతో నింపుతాయి.

పోతుటీగలు సమయానికి సిద్ధంగా ఉండాలన్న సంగతి ఎవరూ ప్రస్తావించలేదు. పోతు గుడ్డు నుంచి బయటపడడానికి 24 రోజులు, ఆపైన సంపర్కానికి పక్వం కావడానికి మరో రెండు వారాల వరకు పడుతుంది. విభజన చేసే నాటికే చుట్టుపక్కల కాలనీల్లో పోతుటీగలు తిరుగుతూ ఉంటేనే కన్యరాణికి సరైన సమయానికి జతలు దొరుకుతాయి. పాత పెట్టె ఎదుట మధ్యాహ్నం కాసేపు నిలబడితే, పెద్ద కళ్లతో, మొద్దు పొట్టతో, గట్టిగా రొద చేస్తూ వచ్చిపోయే పోతులు కనిపించాలి. అవి బాగా ఉంటే మీ రాణి విషయంలో నాకు ధైర్యమే.

ఇక గడువు విషయానికి వస్తే, విభజన నుంచి ఐదు వారాలు నిండిన తరువాత ఎండ కాసిన మధ్యాహ్నాలు చాలినన్ని గడిచినా గుడ్డు కనిపించకపోతే నేను ఆగను. కాలనీలో ఇంకా బలం ఉంటే పాత పెట్టె నుంచి మరోసారి లేత పిల్లపురుగులను ఇచ్చి మళ్లీ మొదలుపెట్టవచ్చు, లేదా లోపలి రాణిని పట్టి తొలగించి గుడ్లు పెట్టే రాణిని ఇవ్వవచ్చు. బలం లేకపోతే తిరిగి పాత పెట్టెలో కలిపివేయడమే మేలు. కలిపేముందు పనికిరాని రాణి ఏదైనా ఉంటే తీసివేయాలి. రెండు పెట్టెల మధ్య అక్కడక్కడ చిన్న గాట్లు పెట్టిన ఒక వార్తాపత్రిక కాగితాన్ని పరిచి ఒకదానిపై ఒకటి ఉంచితే, ఈగలు కాగితాన్ని కొరికి దారి చేసుకునేలోగా రెండు గుంపుల వాసనలు కలిసిపోతాయి. కలపడం ఓటమేమీ కాదు, నెల తరువాత బలమైన కాలనీని మళ్లీ విభజించుకోవచ్చు.

మన దేశవాళీ జాతి అయిన పుట్టతేనెటీగలు పెంచేవారు ఎవరైనా దీన్ని చదువుతుంటే, పై లెక్కలను యథాతథంగా తీసుకోవద్దని మనవి. రాణి పుట్టే సమయంలో పెద్ద తేడా లేకపోయినా, ఆ జాతిలో రాణి లేని శ్రామిక ఈగలు చాలా త్వరగా గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి, ఇబ్బంది ఎక్కువైతే పెట్టెనే వదిలి వెళ్లిపోతాయి. వాటి దగ్గర నాలుగు వారాలు నిబ్బరంగా కూర్చోవడం కుదరదు, పిల్లపురుగుల ఫ్రేమును ముందుగానే ఇవ్వాలి.


సమాధానం: పాతపొగడబ్బా

ఐదు వారాల గడువుకు నాకు అభ్యంతరం లేదు, ముసురు రోజులను విడిచి లెక్కిస్తే చాలు. పెట్టెను ఎప్పుడు తెరవాలన్నది మాత్రం చెప్పడం మరిచాను. సంపర్క ప్రయాణాలు మధ్యాహ్నం పూట జరుగుతాయి కాబట్టి, ఆ వేళలో పెట్టె విప్పి ఫ్రేములు బయట పరిచి ఉంచితే, తిరిగి వచ్చిన రాణి తన గుమ్మాన్ని పోల్చుకోలేక పక్క పెట్టెలోకి వెళ్లి ప్రాణం పోగొట్టుకోవచ్చు. పొగ ఎక్కువై, ఫ్రేములు కదిలి ఈగలు కలవరపడినప్పుడు తమ కన్యరాణినే ముద్దలా చుట్టుముట్టి చంపిన సందర్భాలు కూడా ఉంటాయి. చూడక తప్పదనుకుంటే ఉదయం పూట, కొద్దిపాటి పొగతో, ఒకటి రెండు ఫ్రేములు మాత్రమే చూసి మూసివేయండి. రాణి గుర్తుపెట్టుకున్న చోటు మారకుండా, గుడ్లు కనిపించేదాకా పెట్టెను జరపవద్దు, దాని ముఖద్వారం దిశ మార్చవద్దు, దాని ఎదుట ఉన్న గుర్తులను కూడా తీసివేయవద్దు.


సమాధానం: ఒకనల్లి

రాణి విషయం కాకుండా ఒక చిన్న మాట. పెట్టెలో మూతవేసిన బ్రూడ్ లేని ఈ రోజుల్లో తేనెటీగలను పట్టి పీడించే వరోవా నల్లులన్నీ పెద్ద ఈగల ఒంటి మీదే ఉంటాయి, దాక్కోవడానికి వాటికి గదులు దొరకవు. ఆక్జాలిక్ ఆమ్లం వంటి మందు మూతల కిందికి చేరదు కనుక అది బాగా పనిచేసే సమయం ఇదే. అయితే కన్యరాణి తిరుగుతుండగా పెట్టెను అలజడి పెట్టడం కన్నా, మొదటి గుడ్లు కనిపించాక, ఆ గదులకు మూతలు పడకముందు, అంటే మొదటి గుడ్డు నుంచి వారం లోపు ఆ పని ముగించడం మంచిది. మీ ప్రాంతంలో అనుమతి ఉన్న మందునే, దాని మీద రాసిన మోతాదులోనే వాడాలి. మూతవేసిన ఫ్రేమును బయటి నుంచి తెచ్చి పెట్టినట్లయితే ఈ లెక్క చెల్లదు, ఆ ఫ్రేములోని ఈగలన్నీ బయటికి వచ్చేదాకా ఆగాలి.


ప్రశ్న అడిగినవారి జవాబు: కొత్తపెట్టె

అందరికీ ధన్యవాదాలు. మైనపుగది గారు చెప్పిన విధంగా పాత పెట్టె నుంచి గుడ్ల ఫ్రేమును తెచ్చి నడుమ ఉంచాను. తరువాత ఉదయం పూట తీసి చూస్తే, దాని మీద రాణి గది ఒక్కటి కూడా కట్టలేదు, పిల్లపురుగులను మామూలుగానే సాకుతున్నాయి. దాని పక్క ఫ్రేములో వారు చెప్పిన నిగనిగలాడే ఖాళీ మచ్చ కూడా కనిపించింది. అంతకు ముందు నేను దాన్ని చూసినా, ఖాళీగా ఉన్నదని మాత్రమే అనుకున్నాను.

ఆ తరువాతి వారం చూసినప్పుడు ఆ మచ్చలోనే గుడ్లు కనిపించాయి. సూర్యుడిని వీపు వైపు ఉంచుకుని, ఫ్రేమును కాస్త వంచి గదుల అడుగు వరకు వెలుతురు పడేలా పట్టుకుంటే, సన్నని బియ్యపు నూకల్లా నిలబడి ఉన్నాయి. సంతోషమే కానీ కొత్త సందేహం వచ్చింది. కొన్ని గదుల్లో రెండేసి గుడ్లున్నాయి, ఒక గదిలో మూడు కూడా ఉన్నాయి. గుడ్లు పెడుతున్నవి శ్రామిక ఈగలేమోనని భయంగా ఉంది. రాణి మాత్రం ఇప్పటికీ కనిపించలేదు.


సమాధానం: మైనపుగది

రాణి లక్షణాలే ఎక్కువగా కనిపిస్తున్నాయి. కొత్తగా మొదలుపెట్టిన రాణి తొలి రోజుల్లో ఒకే గదిలో రెండేసి, మూడేసి గుడ్లు పెట్టడం మామూలే, కొద్ది రోజుల్లో అది సర్దుకుంటుంది. ఈగలు కూడా అదనపు గుడ్లను తీసివేస్తాయి. మీరు చూడవలసింది గుడ్ల సంఖ్యను కాదు, అవి ఉన్న చోటును. రాణి పొట్ట పొడవైనది కనుక గది అడుగున సరిగ్గా నడుమ గుడ్డును నిలబెడుతుంది, ఒక చోట మొదలుపెట్టి పక్కపక్క గదులను వరుసగా నింపుకుంటూ పోతుంది. శ్రామిక ఈగ పొట్ట అడుగు వరకు చేరదు కనుక గుడ్లు గది గోడలకు అంటుకుని ఉంటాయి, పైగా ఒక్కో గదిలో అనేకం, ఫ్రేము అంతటా ఎక్కడ పడితే అక్కడ చెదిరి ఉంటాయి, పుప్పొడి ఉన్న గదుల మీద కూడా పెట్టేస్తాయి. మీ గుడ్లు మెరుగు పెట్టిన మచ్చలోనే, అడుగున, నిలబడి ఉన్నాయంటున్నారు. నిలబడి ఉన్న గుడ్డు తాజాది, రోజులు గడిచేకొద్దీ అది వాలుతూ మూడో రోజుకు గది అడుగున పడుకుంటుంది. అంటే మీరు చూసినవి ఒకటి రెండు రోజుల లోపు పెట్టినవే.


సమాధానం: పుట్టతేనె

రాణి ఉందనే నేనూ అనుకుంటున్నాను, కానీ అది సరిగా సంపర్కం చేసుకున్న రాణి అన్నది ఇంకా తేలలేదు. తేనెటీగల్లో ఫలదీకరణ చెందని గుడ్డు నుంచి పోతుటీగే పుడుతుందని తేనెటీగల పెంపకందారు యాన్ జియెర్జోన్ 1845లోనే ప్రతిపాదించారు. సంపర్కం జరగని రాణి, లేదా ఆలస్యమై వీర్యం చాలని రాణి కూడా గది అడుగున చక్కగా ఒక్కొక్క గుడ్డే పెడుతుంది, చూడడానికి తేడా తెలియదు. తేడా తెలిసేది మూతలు పడినప్పుడే. శ్రామిక ఈగల గదులకు గుడ్డు పెట్టిన తొమ్మిదో రోజు ప్రాంతంలో మూతలు పడతాయి. అవి దాదాపు చదునుగా, ఒకదాని పక్కన ఒకటి ఒత్తుగా పరుచుకుని ఉంటే మీ రాణికి ఢోకా లేదు. శ్రామిక ఈగల గదుల మీదే మూతలు ఉబ్బెత్తుగా, గుండ్లలా పైకి లేచి ఉంటే అవి పోతులు, ఆ రాణిని తీసివేయక తప్పదు. నడుమ నడుమ ఒకటి రెండు ఉబ్బెత్తు మూతలు ఉంటే కంగారు పడకండి, మెజారిటీ ఎటువైపు ఉందో చూడండి. పాత పెట్టె నుంచి తెచ్చిన ఫ్రేములోని మూతలను ఈ లెక్కలో కలపకండి, వాటిని పెట్టింది మీ కొత్త రాణి కాదు.

రాణి వీపు మీద రంగు గుర్తు పెట్టాలన్న ఉత్సాహం ఉంటే, అది కూడా ఆ మూతలు చూసిన తరువాతే పెట్టుకోండి. గుడ్లు మొదలుపెట్టిన తొలి వారంలో వేళ్లతో పట్టి, రంగు వాసనతో వదిలిన రాణిని ఈగలు పరాయిదిగా భావించే ప్రమాదం ఉంది. అప్పటికి దాని పొట్ట కూడా సాగి, నడక నెమ్మదించి, వెతకకుండానే కంటపడుతుంది. ఈలోగా ద్వారాన్ని సన్నగానే ఉంచి, పదో రోజు ఉదయం నడిమి ఫ్రేము ఒక్కటి తీసి చూడండి.